పెరటితోటలో పండ్లపొదలు: ఎంపిక, పెంపకం, పేర్ల పరిశీలన
(ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక పరిసరాల ఆధారంగా)

వ్యాససారాంశం:
ఇంటితోటల్లో పూలకోసం మొక్కలు పెంచడం పరిపాటి. రంగురంగుల చిన్న పండ్ల అందంకోసం పొదలను పెంచడం కూడా నగరాల్లో కనిపిస్తుంది. అయితే నర్సరీల్లో అంటగట్టిన పేర్లవల్ల ఆ పండు తినదగినదా, ప్రమాదకరమా అన్న సంగతి కొనేవారికి చేరడం లేదు. నిఘంటువుల్లోనూ గ్రామీణుల నోళ్లలోనూ మిగిలి ఉన్న తెలుగు పేర్లలో ఆ సంగతి చాలావరకు నిక్షిప్తమై ఉంది. ఆ పేర్లను ఆధారం చేసుకొని, హైదరాబాదు నేలకూ నీటికీ తగిన పండ్లపొదలను ఎలా ఎంచుకోవాలో, ఎలా పెంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పండ్లపొదలు, వాక, కలివి, బలుసు, గొలుగు, పురుగుడు, జానపద వర్గీకరణ, జీవకంచె, తార్నాక.

1. ప్రవేశిక:

తార్నాకలో మేముండే అపార్టుమెంటు ప్రహరీగోడ లోపలివైపు ఒక వరుస పొదలు ఉండేవి. వానకాలంలో వాటికి ఊదారంగు పూలు, వాటి వెనుకనే గుత్తులుగుత్తులుగా పసుపుపచ్చని పండ్లు వచ్చేవి. నివాసితుల సంఘం వాటిని ఒక నర్సరీనుండి తెప్పించింది. రసీదుమీద ‘గోల్డెన్ చెర్రీ’ అని రాసి ఉంది. ఒక శ్రావణమాసపు సాయంత్రం పక్కింటి నాలుగేళ్ల పిల్లవాడు ఆ పండ్లు గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. వాంతులు మొదలయ్యాక ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అక్కడి వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, “ఏ మొక్క పండు?” అని. “చెర్రీ” అన్నాం. “చెర్రీ తింటే ఇక్కడికెందుకు తెచ్చారు?” అన్నాడాయన. మా దగ్గర సమాధానం లేదు. పిల్లవాడు తెల్లవారేసరికి తేరుకున్నాడు గాని, ఆ రాత్రంతా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

మర్నాడు ఒక రెమ్మ తుంచుకొని వృక్షశాస్త్రం బోధించే మిత్రుడికి చూపించాను. చూడగానే ‘డ్యూరాంటా’ అన్నాడు. దాని పండ్లలో సపోనిన్లు ఉంటాయనీ, పక్షులకు ఆహారమైనా మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు హానికరమనీ చెప్పాడు. తిరిగి వస్తుంటే మా కాపలాదారు తల్లి, నల్లగొండ ప్రాంతంనుండి వచ్చిన అవ్వ, నా చేతిలోని రెమ్మను చూసి, “గవి పిట్టలు తింటయి గాని మనం తినం బిడ్డా. మా దిక్కు కంచెకు కలేచెట్టు పెడ్తరు. ముల్లుకు ముల్లు, పండుకు పండు” అన్నది.

తెలిసినవారు ఇద్దరూ మాకు పిలుపుదూరంలోనే ఉన్నారు. రసీదుమీది పేరు మాత్రం వారిద్దరి జ్ఞానానికీ అడ్డుగోడ అయింది. తెలుగు శాఖలో పనిచేసేవాడికి తోటపని గురించి వ్యాసమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. పొదను ఎంచుకోవడం సగం వృక్షశాస్త్రమైతే సగం పదశాస్త్రమని నాకు ఆనాడు తోచింది. ఈ వ్యాసానికి అదే ప్రేరణ.

2. ‘బెర్రీ’ – పారిభాషిక సమస్య:

ఆంగ్లంలో ‘బెర్రీ’ అన్నది వాడుకలో ఒకటి, శాస్త్రంలో మరొకటి. వాడుకలో గుండ్రని, చిన్న, రసంగల పండు ఏదైనా బెర్రీయే. శాస్త్రపరిభాషలో మాత్రం గట్టి టెంక లేకుండా గుజ్జులో గింజలు పొదిగి ఉన్న ఫలమే బెర్రీ. తెలుగులో వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు దీనికి ‘మృదుఫలం’ అన్న మాటను, టెంక ఉన్నదానికి ‘టెంకగల ఫలం’ అన్న మాటను స్థిరపరచాయి. ఈ లెక్కన టమాటా, వంకాయ మృదుఫలాలు. రేగు, బలుసు, డ్యూరాంటా టెంకగల ఫలాలు. వాక మృదుఫలమే. తోట పెంచేవారికి ఈ తేడా ఒక్కచోట అక్కరకు వస్తుంది. టెంకగల గింజ మొలకెత్తడానికి సాధారణంగా ఎక్కువకాలం తీసుకుంటుంది. మిగతా సందర్భాల్లో ఇద్దరూ ఒకే వరుసలో నిలుస్తారు కాబట్టి ఈ వ్యాసంలో ‘పండ్లపొద’ అన్న సామాన్యపదాన్నే వాడుతున్నాను.

పండ్లకోసం పొదను అలంకారంగా పెంచే అలవాటు ప్రధానంగా చలిదేశాలది. అక్కడ శీతాకాలంలో ఆకులు రాలి తోట బోసిపోతుంది. ఆ బూడిదరంగు నడుమ హోలీ, పైరకాంతా వంటి పొదల ఎర్రని పండ్లు నెలల తరబడి నిలిచి ఉంటాయి. తోటకు అవే దీపాలు. మన పరిస్థితి వేరు. దక్కను పీఠభూమిపై పండ్లపొదల్లో ఎక్కువభాగం వేసవి చివరనుండి వానకాలం ముగిసేదాకా పండుతాయి. అప్పుడు చుట్టూ పచ్చదనమే. ఆ పచ్చదనంలో పండు కనిపించాలంటే రంగు గాఢంగా ఉండాలి, లేదా పొద మనిషి నడిచే దారికి దగ్గరగా ఉండాలి. ఐరోపా తోటల పుస్తకాల్లోని సలహాలను అలాగే దించుకుంటే ఇక్కడ ఫలించకపోవడానికి ఇదొక కారణం. మన ప్రబంధాల ఉద్యానవర్ణనల్లో కూడా పూదీగెలకు, మామిడి, పొగడ వంటి వృక్షాలకు దక్కిన పీట ముళ్లపొదలకు దక్కలేదు. అవి తోటలోనివి కావు, తోట చుట్టూ ఉన్న కంచెలోనివి.

తెలుగులో ఆంగ్లానికి లేని ఒక సౌలభ్యం ఉంది. అది కాయ, పండు అన్న భేదం. ‘వాక్కాయ’ అంటాం, ‘కలివిపండు’ అంటాం. మొదటిది పచ్చిగా ఉన్నప్పుడు పప్పులోకీ పులిహోరలోకీ ఊరగాయకూ వాడేది. రెండవది పొదమీదనే మాగి నల్లబడ్డాక కోసుకు తినేది. ఏ దశలో పనికివస్తుందో పేరే చెబుతున్నది. దీన్ని సూత్రంగా పట్టుకోకూడదని కూడా వెంటనే చెప్పాలి. ‘గన్నేరుపప్పు’ అన్న మాటలో పప్పు ఉన్నది కాని అది ప్రాణం తీసే విషం. ఆ సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు కాబట్టి ఆ పేరు ప్రమాదం కాలేదు. తెలిసిన సమాజం ఉన్నంతవరకే పేరు పనిచేస్తుంది.

3. పేర్లు చెప్పే సంగతులు:

3.1. వాక, కలివి:

పండ్లపొదల్లో మొదట చెప్పుకోవలసింది వాక. శాస్త్రనామం కారిస్సా కారండాస్. రెండవ భాగంలో వినిపిస్తున్నది ఈ దేశపు పేరే. సంస్కృతంలో దీనిని కరమర్దకమంటారు. అమరకోశంలోని వనౌషధివర్గం దీనికి ‘కృష్ణపాకఫలం’ అనే పర్యాయపదాన్ని కూడా ఇచ్చింది. పండినప్పుడు నల్లబడే ఫలమని అర్థం. పచ్చిగా ఆకుపచ్చ, దోరగా గులాబీ, మాగితే నలుపు దిరిగిన ఊదా: ఈ మూడు రంగులూ ఒకే కొమ్మమీద ఒకేసారి కనిపించడమే వాక అందం. అలంకారపు పొద కావడానికి అవసరమైన లక్షణమంతా ఆ ఒక్క సమాసంలో ఉంది.

వాకకు దగ్గరి బంధువు, అడవుల్లోనూ గుట్టలమీదా దానంతటదే పెరిగే చిన్నకాయల పొద కారిస్సా స్పైనారమ్. దీన్నే కలివి, కలివె, కలే అని ప్రాంతాన్నిబట్టి పిలుస్తారు. కొన్నిచోట్ల ఈ పేర్లు వాకకూ వర్తిస్తాయి. నా తరగతిలో ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం జిల్లాల విద్యార్థులకు రెమ్మ చూపించినప్పుడు ఒకే మొక్కకు వేర్వేరు రూపాలు చెప్పారు. ఏది సరైనదన్న చర్చ కొంతసేపు వేడిగానే జరిగింది. పండు తినవచ్చన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

ఆ నిస్సందేహం ఎంత విలువైనదో తెలియాలంటే ఈ మొక్క కుటుంబాన్ని చూడాలి. వాక రెమ్మను తుంచితే పాలు కారతాయి. గన్నేరు, పచ్చగన్నేరు, నందివర్ధనం దీనికి బంధువులే. విషానికి పేరుపడ్డ కుటుంబంలో తినదగిన పండును గుర్తించి, పేరు పెట్టి, తరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. కొత్తగా చూసినవాడు పాలు కారే మొక్క పండును ధైర్యంగా నోట పెట్టుకోలేడు, పెట్టుకోకూడదు కూడా.

కలివి అన్న పేరు ఒక పక్షిని కూడా అంటిపెట్టుకొని ఉంది. శాస్త్రజ్ఞులు జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షిని తెలుగులో ‘కలివికోడి’ అంటారు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత కనిపించలేదు. అంతరించిపోయిందనే భావించారు. 1986 జనవరిలో కడప జిల్లాలో లంకమల ప్రాంతపు పొదల్లో అది మళ్లీ దొరికింది. కలివి, రేగు, తుమ్మ పొదలు పలచగా పెరిగిన రాతినేల దాని నివాసం. కలివిపొదల నడుమ తిరుగుతుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఒక పక్షి ఎక్కడ ఉంటుందో దాని తెలుగు పేరులోనే ఉన్నదన్నమాట.

3.2. గొలుగు, నాగగోలుగు:

నర్సరీల్లో ‘మురాయా’ అని అమ్మే పొదకు తెలుగులో నాగగోలుగు అన్న పేరుంది. తెల్లని సువాసనగల పూలు, ఆ తరువాత కుంకుమగుండంత ఎర్రని పండ్లు దీని ప్రత్యేకత. గొలుగు అన్నది వేరే మొక్క. దాని శాస్త్రనామం గ్లైకాస్మిస్. గొంజి అని కూడా అంటారు. లేత గులాబీరంగులో, లోపలి గింజ కనిపించేంత పారదర్శకంగా ఉండే పండ్లు కాస్తుంది. చూడడానికి ఈ రెండు పొదలకూ పూలలో, పండ్లలో తేడా స్పష్టమే. అయినా మన పూర్వులు ఒకదాని పేరుమీదనే రెండవదానికి పేరు కట్టారు. ఆధునిక వృక్షశాస్త్రం ఈ రెండింటినీ నిమ్మ కుటుంబంలోనే చేర్చింది. ఆకును నలిపి వాసన చూస్తే ఈ బంధుత్వం ఎవరికైనా అర్థమవుతుంది. జానపద వర్గీకరణ ఏ ఇంద్రియాన్ని ఆధారం చేసుకున్నదో ఊహించడానికి ఇదొక మంచి ఉదాహరణ.

3.3. పురుగుడు, బలుసు:

నల్లపురుగుడు, తెల్లపురుగుడు అన్న జంటలో రంగు పండుది. మొదటిది ఫిల్లాంథస్ రెటిక్యులేటస్, పండు నలుపు. రెండవది ఫ్లుయెగ్గియా ల్యూకోపైరస్, పండు పాలతెలుపు. ‘ల్యూకో’ అంటే గ్రీకులో తెలుపు. తెలుగువాడూ గ్రీకుమాట తెచ్చుకున్న శాస్త్రజ్ఞుడూ ఆ పొదలో మొదట గమనించినది ఒకే విషయం. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. పులిచేరు అన్న పేరు కూడా ఈ రెండింటికీ చుట్టుకొని ఉంది కనుక నిఘంటువులో ఆ మాట చూసినప్పుడు ఏ పొదను ఉద్దేశించారో జాగ్రత్తగా నిర్ణయించుకోవాలి.

బలుసు గురించి తెలుగు పాఠకులకు వేరే పరిచయం అక్కరలేదు. ‘బతికుంటే బలుసాకు తినవచ్చు’ అన్న సామెత అందరికీ కంఠస్థం. సామెత ఆకును చెప్పింది. కరవుకాలంలో ఆదుకున్నది ఆకే కావచ్చు. పండు ఊసు అందులో లేదు. బలుసుకు వాడిముళ్లు, ముళ్ల నడుమ పసుపుపచ్చని చిన్నపండ్లు ఉంటాయి. పండ్లు తినదగినవే. సామెత చెప్పగలిగినవారిలో ఎంతమంది బలుసుచెట్టును చూపించగలరని నేను తరగతిలో అడిగాను. చేతులు ఎత్తినవారు కొద్దిమందే. మాట బతికి, మొక్క కనుమరుగైన స్థితి ఇది.

ఈ పేర్లను శాస్త్రగ్రంథాల్లోకి తొలిగా ఎక్కించినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. పద్దెనిమిదవ శతాబ్ది చివరలో ఆయన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించినప్పుడు వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. సోమిద చెట్టు పేరు ‘సోయ్‌మిడా’గా శాస్త్రనామంలోకి వెళ్లింది ఆ దారినే. రెండువందల ఏళ్ల తరువాత ప్రయాణం దిశ మారింది. ఇప్పుడు మన ఊరి మొక్కే నర్సరీ బండిమీద విదేశీ పేరుతో మన ఇంటికి వస్తున్నది. కడియం ప్రాంతపు నర్సరీలనుండి హైదరాబాదుకు వచ్చే మొక్కల సంచులమీద చీటీ ఉన్నప్పుడు కూడా అందులో తెలుగు పేరు నాకు తరచుగా కనిపించలేదు.

4. నేల, నీరు, ఎండ:

తార్నాక, హబ్సిగూడ, విశ్వవిద్యాలయ ప్రాంగణం ప్రధానంగా గ్రానైటు రాతిమీద ఏర్పడిన ఎర్రచల్క నేల. జానెడు మట్టి కింద మొరం తగులుతుంది. ఏడాది వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువభాగం జూన్, సెప్టెంబరు మాసాల మధ్యనే కురుస్తుంది. ఆ తరువాత ఎనిమిది నెలలు మొక్క తన వేళ్లమీదా మన బోరునీటిమీదా బతకాలి. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే.

1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఈ ప్రాంగణానికి తరలివచ్చి, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమయ్యేనాటికి ఇదంతా రాతిగుట్టలూ తుప్పలూ ఉన్న పొలిమేర. తార్నాక అన్న పేరుకు తార్ అంటే తీగ, నాకా అంటే కాపలాచోటు అని విడదీసి, ఒక జాగీరుతోటకు వేసిన ఇనుపతీగల కంచెవల్ల ఆ పేరు వచ్చిందని స్థానికంగా చెబుతారు. ఇది జనవ్యుత్పత్తే కావచ్చు. అయినా ముళ్లకంచెలు పెంచే ప్రాంతంలో తీగకంచె ఒక వింతగా తోచి ఊరికి పేరైందన్న ఊహ నాకు బాగుంటుంది. పక్కనే ఉన్న సీతాఫల్‌మండి పేరులో ఈ గుట్టల పండు ఒకటి ఎలాగూ నిలిచిపోయింది.

ఇంటితోటకు ఇప్పుడు అసలు చిక్కు సహజమైన చల్కనేలతో రాదు. అపార్టుమెంటు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు, సున్నం, ఇటుకపెళ్లలతో వస్తుంది. వీటివల్ల నేలలో క్షారగుణం పెరుగుతుంది. లవణాలున్న బోరునీరు దానికి తోడవుతుంది. ఇలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. లేత ఆకులు పసుపుపచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నూరువరహాల పొదలో ఈ లక్షణం అందరికంటే ముందు కనిపిస్తుంది. అది పులుపునేలను కోరుకునే మొక్క. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేస్తే కొంతకాలం తేరుకుంటుంది. శాశ్వత పరిష్కారం కావాలంటే గుంతలోని చెత్తమట్టి తీసివేసి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు నింపాలి. వానకాలంలో వాననీటిని ఆ పాదులోకే మళ్లించాలి. వాక, బలుసు ఇలాంటి నేలలను చాలావరకు సహిస్తాయి. అవి సహించనిది నిలవనీరు.

5. ఎంపిక:

రోజంతా ఎండ తగిలే ప్రహరీ వెంట వాకకు మించిన పొద లేదని నా అభిప్రాయం. పొడవైన ముళ్లు ఉంటాయి కాబట్టి నడకదారికి కనీసం నాలుగడుగుల దూరంలో ఉంచాలి. పండు సురక్షితమైనంత మాత్రాన పొద సురక్షితం కాదు. పిల్లలు ఆడుకునే చోట బంతి దానిలో పడితే గీతలు తప్పవు. పంత్‌నగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకాల్లో పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ కాయలు తెలుపుమీద గులాబీ ఛాయతో ఉంటాయి. పంత్ సువర్ణ కాయలు ఆకుపచ్చమీద గోధుమఛాయతో ఉంటాయి. అందం ముఖ్యమనుకుంటే మొదటి రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ఊరగాయకోసమైతే దేశవాళీ వాకే చాలు. మన బేకరీల్లో కేకులమీద, బన్నుల్లో కనిపించే ఎర్రని ‘చెర్రీ’లు చాలావరకు వాక్కాయను చక్కెరపాకంలో ఊరవేసి రంగు అద్దినవే. డ్యూరాంటాకు చెర్రీ అన్న పేరు పెట్టినవారు, వాక్కాయకు చెర్రీ అన్న పేరు పెట్టినవారు, ఇద్దరూ ఒక్క మాటనే వాడారు. ఒకటి తినే పండు, మరొకటి తినకూడనిది.

భవనాల నీడ పడే మూలల్లో గొలుగు సంతోషంగా పెరుగుతుంది. ముళ్లుండవు.  పిల్లలున్న ఇళ్లకు నేను ముందుగా చెప్పేది దీనినే, కాని నర్సరీలో అడిగితే తెల్లమొహం వేస్తారు. గింజ సంపాదించుకోవలసిందే.

నాగగోలుగు అందరికీ దొరుకుతుంది, అందంగానూ ఉంటుంది. ఒక్క జాగ్రత్త అవసరం. నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులును మోసుకువెళ్లే సిల్లా పురుగుకు ఇది ఇష్టమైన నివాసం. పెరట్లో నిమ్మ, బత్తాయి ఉన్నవారు, నల్లగొండ వైపు బత్తాయి తోటలున్న ఊళ్లవారు దీనికి దూరంగా ఉండడం మంచిది. కరివేపాకును మాత్రం ఎవరూ వదులుకోలేరు. దాని నల్లని నిగనిగలాడే పండ్ల గుత్తులను అలంకారంగా చూసే దృష్టి మనకు లేకపోయింది గాని, వానకాలంలో పికిలిపిట్టలు వాటికోసమే వస్తాయి.

నూరువరహాలు పండ్లు కాస్తుందంటే చాలామంది నమ్మరు. పాత దేశవాళీ ఎర్రపూల రకం ముదురు ఎరుపు, నలుపు పండ్లు కాస్తుంది. ఈనాడు నర్సరీలలో ఎక్కువగా దొరికే పొట్టి సంకరరకాలు పూలకే తప్ప పండ్లకు నమ్మదగినవి కావు. తెల్లపురుగుడు విషయంలో ఇంకొక మెలిక ఉంది. దాని మగపూలు, ఆడపూలు వేర్వేరు మొక్కలమీద ఉంటాయి. ఒకే మొక్క నాటి, అది మగదైతే, ఎన్నేళ్లయినా ఒక్క తెల్లపండూ కనిపించదు. ఐరోపాలో హోలీ పెంచేవారికి ఎదురయ్యే ఇబ్బందే ఇది. మూడు, నాలుగు మొక్కలు దగ్గరగా నాటుకోవడం దీనికి ఉపాయం.

ఇక వద్దనుకోవలసినవి. పిల్లలున్న ఆవరణలో డ్యూరాంటా, తెల్లని పండ్లు కాసే రాత్రిరాణి, పచ్చగన్నేరు ఉండకూడదు. లాంటానా సంగతి వేరు. పులికంప, గాజుకంప అని పిలిచే ఈ పొదను పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కలకత్తా తోటకు అలంకారంగానే తెచ్చారు. పక్షులు దాని పండ్లు తిని గింజలను దేశమంతా చల్లాయి. ఇప్పుడు లక్షల ఎకరాల అడవిలో ఇతర పొదలను అణచివేసి నిలిచింది. దాని ఆకు పశువులకు విషం; పచ్చికాయలు మనుషులకు మంచివి కావు. కలివి, బలుసు పొదలు ఉండవలసిన రాతినేలల్లో ఇదే కనిపిస్తుంటే, అలంకారపు పండ్లపొదను ఎంచుకోవడం ఒక ఇంటి ప్రహరీకి పరిమితమైన వ్యవహారం కాదని తెలుస్తుంది. తినే పక్షికి గోడ లేదు.

6. నాటడం, పోషణ, కత్తిరింపు:

మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడ్డాక నాటడం ఉత్తమం. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంతను వేసవిలోనే తీసి ఎండనివ్వాలి. తీసిన మట్టిలో మూడవవంతు చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి తిరిగి నింపాలి. కంచెగా కావాలంటే వాకను రెండు, మూడడుగుల ఎడంతో నాటాలి. విడిపొదగా కావాలంటే ఆరు నుండి పదడుగుల చోటు వదలాలి. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు నీరు పెట్టి, పాదులో ఎండుటాకులు పరచాలి. ఆ తరువాత వాక, బలుసు దాదాపు తమంతట తాము బతుకుతాయి. అతిగా నీరు పెడితే ఆకు పెరుగుతుంది, కాపు తగ్గుతుంది.

వాక, గొలుగు, కరివేపాకు గింజలకు ఆయుస్సు తక్కువ. పండు గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, వారం పదిరోజుల్లో నాటుకోవాలి. ఎండబెట్టి డబ్బాలో దాచిన గింజ మొలవలేదని నర్సరీవారిని నిందించి లాభం లేదు. వాక కొమ్మ ముక్కలు సులభంగా వేరుతొడగవు. ఒక మంచి పొద గుణాలు అలాగే రావాలంటే ఆషాఢ, శ్రావణాల్లో గాలి అంటు కట్టుకోవాలి. గింజనుండి పెరిగిన వాక సాధారణంగా మూడవ ఏటినుండి కాపునిస్తుంది.

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న, “మా కంచె మొక్కకు పండ్లెందుకు రావు?” అని. ప్రాంగణాల్లోనూ రహదారి విభాగినులమీదా నాగగోలుగు, పసుపుఆకు డ్యూరాంటా వరుసలు చూడండి. నెలకొకసారి కత్తెరతో చదరంగా కత్తిరిస్తారు. ఈ పొదలు కొత్త చిగుళ్ల కొసలలోనే పూస్తాయి. కొస తెగితే పూత తెగినట్టే, పూత లేనిదే పండు లేదు. మా ప్రహరీ డ్యూరాంటాను ఎవరూ కత్తిరించకపోవడంవల్లనే అది విరగకాసింది. పండ్లు కావాలనుకునేవారు ఏడాదికి ఒకేసారి, కాపు ముగిశాక కత్తిరించాలి. వాకకు అది భాద్రపదం, ఆశ్వయుజం. అప్పుడు వచ్చిన చిగుళ్లు చలికాలంలో ముదిరి, ఆ తరువాత పూతకు వస్తాయి. పచ్చికాయ ఆషాఢ, శ్రావణాల్లో కోతకు సిద్ధమవుతుంది. తోటమాలికి నెలవారీ జీతం ఇచ్చి నెలవారీ కత్తిరింపు చేయించుకునే సంఘాలకు ఈ మాట ఒప్పించడం మొక్క పెంచడంకంటే కష్టం.

మొత్తం కాపును కోసేయకుండా పై కొమ్మల పండ్లు పక్షులకు వదలాలని అవ్వ చెప్పింది. ఎందుకని అడిగాను. “మల్ల మొలకలెట్ల వస్తయి?” అన్నది.

మా ప్రహరీ వెంట డ్యూరాంటా తీసివేసి పన్నెండు వాకమొక్కలు నాటి ఇది మూడవ ఏడు. రెండు చచ్చిపోయాయి; గోడపక్కన పూడ్చిన సిమెంటుగడ్డలే కారణమని తవ్వాక తెలిసింది. మిగిలిన పదింటిలో నాలుగు ఈ శ్రావణంలో కాశాయి. ప్రతి పొద దగ్గరా చిన్న రేకుపలకమీద ‘వాక / కలే – పండు తినవచ్చు, ముల్లు జాగ్రత్త’ అని రాయించాం. ఆనాటి పిల్లవాడు ఇప్పుడు రెండవ తరగతి చదువుతున్నాడు. ఆ పలకను కూడబలుక్కొని చదివి, పండు కోసేముందు “ఇది నిజంగా వాకేనా?” అని అవ్వను అడిగి మరీ తిన్నాడు.